విశ్వరూపం బొమ్మలో ఒక గిటారిస్ట్: జిమి హెండ్రిక్స్ గురించి మా రూమ్‌లో జరిగిన గొడవ



గత ఆదివారం వీడియోలో భగవద్గీత 11వ అధ్యాయం, విశ్వరూప సందర్శన యోగం మొదలుపెట్టుకున్నాం. ఆ వీడియో తయారవుతున్నప్పుడు మా రూమ్‌లో ఒక గొడవ జరిగిందని, దాని గురించి విడిగా రాస్తానని చివర్లో చెప్పాను కదా. ఇదే అది. పది నిమిషాల వీడియోలో పట్టే విషయం కాదు. నిజం చెప్పాలంటే, ఇందులో ఒక భాగం కెమెరా ముందు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

శనివారం రాత్రి థంబ్‌నెయిల్ చేసుకుంటున్నాను. స్క్రీన్ మీద మనందరం చిన్నప్పటి నుంచి చూసిన విశ్వరూపం క్యాలెండర్ బొమ్మ. అటూ ఇటూ వరుసగా తలలు, లెక్కలేనన్ని చేతులు, మధ్యలో స్వామి. మా రూమ్మేట్ టీ గ్లాసు పట్టుకుని వెనక నుంచి వచ్చి, "అరే, ఇది హెండ్రిక్స్ ఆల్బమ్ కదరా!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఫోన్ తీసి చూపించాడు. 1967 డిసెంబర్‌లో వచ్చిన 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' అనే రాక్ ఆల్బమ్ అట్ట. అచ్చం మన విశ్వరూపం పోస్టరే. కాకపోతే మధ్యలో ఉండాల్సిన ముఖం బదులు జిమి హెండ్రిక్స్ ముఖం, పక్కన అతని బ్యాండ్‌లోని మిగతా ఇద్దరి ముఖాలు.

నాకు ఒళ్లు మండింది. "డ్రగ్స్ తీసుకుని ఇరవై ఏడేళ్లకే పోయినవాడి ముఖం తీసుకొచ్చి అక్కడ పెడతారా?" అన్నాను.

మావాడు గిటార్ వాయిస్తాడు. బీటెక్ రోజుల నుంచి వాడి మంచం పక్కన గోడ మీద హెండ్రిక్స్ పోస్టర్ ఉంటుంది. వాడికీ కోపం వచ్చింది. "ఆ కవర్ ఆయన చేయించుకున్నది కాదు మామా. అసలు ఆయనకే అది నచ్చలేదు. ముందు తెలుసుకుని మాట్లాడు" అన్నాడు.

అలా మొదలై మూడు రాత్రులు నడిచింది.

ఇంతకీ ఎవరతను?

మనలో చాలామందికి పేరు మాత్రమే తెలుసు కాబట్టి ముందు మనిషి గురించి రెండు మాటలు. నేనూ ఈ గొడవ పుణ్యమా అని చదివి తెలుసుకున్నవే.

జిమి హెండ్రిక్స్ 1942 నవంబర్ 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. పేద ఇల్లు, తాగుడు ఉన్న ఇల్లు. పదిహేనేళ్ల వయసులో తల్లి పోయింది. గిటార్ కొనుక్కునే స్తోమత లేక చీపురుకట్టని గిటార్‌లా పట్టుకుని వాయిస్తున్నట్టు ఆడుకునేవాడు. చెత్తలో దొరికిన ఒంటి తీగ వాద్యం మీద చెవితో విని పాటలు పట్టుకునేవాడు. మొదటి గిటార్ ఖరీదు అయిదు డాలర్లు. ఎడమచేతి వాటం కావడంతో, కుడిచేతి వాళ్ల కోసం చేసిన గిటార్‌ని తిరగేసి, తీగలు మార్చి కట్టుకుని వాయించాడు. 1961లో సైన్యంలో చేరి పారాచూట్ దూకుళ్లు నేర్చుకున్నాడు, ఏడాది తర్వాత బయటికొచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లు పెద్ద గాయకుల వెనక ఓ మూల నిలబడి గిటార్ వాయించే ఉద్యోగం. ఊరూరా తిరగడం, చాలీచాలని డబ్బులు.

1966లో లండన్ వెళ్లాడు. అక్కడి నుంచి నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ ఎలా మోగాలన్నదే మార్చేశాడు. ఆంప్లిఫయర్ దగ్గరికి గిటార్ తీసుకెళ్తే కీచుమంటూ వచ్చే ఫీడ్‌బ్యాక్‌ని అందరూ లోపం అనుకుంటున్న రోజుల్లో, దాన్నే అదుపులోకి తెచ్చుకుని స్వరంగా మలిచాడు. ఈ రోజు గిటార్ పట్టుకునే ఏ కుర్రాడైనా, మన హైదరాబాద్ కాలేజీ ఫెస్ట్‌లో వాయించేవాడైనా సరే, తెలిసో తెలియకో అతని దగ్గర కొంత అప్పు తీసుకున్నవాడే. ఇది మావాడి మాట. విన్నాక నేనూ కాదనలేకపోయాను.

1970 సెప్టెంబర్ 18న లండన్‌లో చనిపోయాడు. 27 ఏళ్లు.

కవర్ విషయంలో కూడా మావాడు చెప్పిందే నిజం. అది రికార్డు కంపెనీ తరఫున ఆర్టిస్టులు చేసిన పని. ఇండియాలో అచ్చయిన దేవుడి పోస్టర్ మీద వీళ్ల ముఖాలు అతికించారు. తనలో అమెరికా ఆదివాసీల రక్తం ఉందని హెండ్రిక్స్ చెప్పుకునేవాడు, ఆ ఇండియన్ మూలాన్ని చూపిస్తే సరిగ్గా ఉండేదని అన్నాడు. ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ తప్పుని అతని ఖాతాలో రాయడం మాత్రం న్యాయం కాదని ఒప్పుకున్నాను.

రెండు వాదనలు

రెండో రాత్రి అసలు విషయానికి వచ్చాం.

మావాడి వాదన ఇది: "అందరూ డ్రగ్స్ డ్రగ్స్ అంటారు. ఆ రోజుల్లో ఎల్ఎస్‌డి లేకపోతే ఆ సంగీతమే లేదు మామా. వాళ్ల మైండ్ తెరుచుకుంది. మనలాంటి వాళ్లకి కనపడనిది వాళ్లకి కనపడింది. దానికి అంత ధర కట్టారు, అంతే."

నా వాదన: "మత్తులో పోయినవాడికి లెగసీ ఏంటి? పిల్లలకి ఏం చెప్తాం, ఇతన్ని చూసి నేర్చుకోండి అనా? ఎంత వాయిస్తే ఏంటి, అంతా గంగలో కలిసింది."

ఇద్దరం గొంతు పెంచాం. పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టింది కూడా. తర్వాత కూర్చుని నెమ్మదిగా ఉన్న వివరాలు చూస్తే ఇద్దరి వాదనా నిలబడలేదు.

మావాడి వాదన ముందు చూద్దాం. చీపురుకట్ట పట్టుకున్న రోజుల్లో ఎల్ఎస్‌డి లేదు. సైన్యంలో గిటార్ పక్కన పెట్టుకుని పడుకున్న రోజుల్లో లేదు. వేరేవాళ్ల వెనక నిలబడి రాత్రికి రాత్రి ఊళ్లు మారుతూ వాయించిన ఆ వేల గంటల్లో చేతివేళ్లకి వచ్చిన విద్య సాధనతో వచ్చింది. మరి మత్తు ఏం ఇచ్చింది? 1968 జనవరిలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో తాగి హోటల్ గది పగలగొట్టి అరెస్టయ్యాడు. తాగితే మనిషి మారిపోతాడని అతని స్నేహితులే చెప్పారు. 1970 జనవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలమంది ముందు వాయించలేని స్థితిలో స్టేజ్ ఎక్కి, రెండు పాటలకే ఆపేసి వెళ్లిపోయాడు. సంగీతం మత్తు వల్ల వచ్చేదైతే ఆ రాత్రి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకి మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇక నా వాదన. 1969 మేలో టొరంటో విమానాశ్రయంలో అతని సంచిలో హెరాయిన్ దొరికిందని అరెస్ట్ చేశారు. ఆ సంగతి మాత్రమే నాకు తెలుసు, దాన్నే గట్టిగా వాదించాను. ఆ డిసెంబర్‌లో కోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసిన సంగతి నాకు తెలియదు. ఆ కోర్టులోనే, గతంలో వేరే మత్తుపదార్థాలు వాడానని అతను దాచకుండా చెప్పిన సంగతీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతను ఎలా పోయాడో నాకు అసలు తెలియదు. నేను ఊహించుకున్నది సినిమాల్లో చూపించే దృశ్యం. సూది, సిరంజి, చీకటి గది.

అతను పోయింది నిద్రమాత్రలతో.

స్నేహితురాలి గదిలో ఉన్నాడు. ఆమెకి రాసిచ్చిన బార్బిట్యురేట్ నిద్రమాత్రలు తొమ్మిది మింగాడు. ఒక మనిషి వేసుకోవాల్సిన మోతాదుకి అది పద్దెనిమిది రెట్లు. ఆ మందు మెదడుని మాత్రమే కాదు, ఊపిరిని కూడా నిద్రపుచ్చుతుంది. గొంతులోకి ఏదైనా వస్తే దగ్గి బయటికి పంపే సహజశక్తిని కూడా చంపేస్తుంది. నిద్రలో వాంతి అయింది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. కావాలని మింగాడా, పొరపాటా అన్నది తేల్చకుండానే విచారణ అధికారి తీర్పు ఇచ్చారు. దాని గురించి ఎవరికి తోచిన కథ వాళ్లు యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. నేను అందులోకి వెళ్లను.

ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టాను. మావాడు నా వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

నా డ్రాయర్

"నీ డ్రాయర్‌లో ఉన్న స్ట్రిప్ ఎవరిదిరా?" అని అడిగాడు.

ఇదిగో, కెమెరా ముందు చెప్పలేనిది ఇదే.

మా ప్రాజెక్ట్ క్లయింట్ అమెరికాలో ఉంటారు. రాత్రి కాల్స్ ఒంటిగంట దాకా, రిలీజ్ ఉన్న వారం మూడు దాకా. పడుకున్నా బుర్ర తిరుగుతూనే ఉంటుంది. ఏడాదిన్నర క్రితం ఒక సీనియర్ "ఇది సగం వేసుకో, బ్రహ్మాండంగా పడుతుంది" అని తన మాత్రలు నాలుగు ఇచ్చాడు. నిజంగానే పట్టింది. అవి అయిపోయాక పాత స్ట్రిప్ చూపిస్తే ఒక మందుల షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చారు. సగం ఒకటైంది. ఒకటి రెండైంది. నేను ఏ డాక్టర్‌నీ కలవలేదు. దాన్ని నేను ఎప్పుడూ 'మత్తు' అనుకోలేదు. మందు అనుకున్నాను. మందుల షాపులో కొన్నది కదా!

ఒక శుక్రవారం టీమ్ పార్టీలో రెండు బీర్లు తాగి, ఇంటికొచ్చి అలవాటుగా రెండు మాత్రలు వేసుకున్నాను. మర్నాడు పదకొండింటికి మావాడు భుజాలు పట్టుకుని గట్టిగా ఊపితే గానీ లేవలేదు. రాత్రి ఇంటికి ఎలా వచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు. ఆ శనివారం సాయంత్రం నేను పెట్టిన వీడియో ఏంటో తెలుసా? ఇంద్రియ నిగ్రహం. మీలో కొందరు 'అన్నా, కళ్లు తెరిపించావు' అని రాశారు. అది చదివి సంతోషపడి, ఆ రాత్రి మళ్లీ వేసుకుని పడుకున్నాను.

మావాడు ఇవన్నీ చూస్తూనే ఉన్నాడట. ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాడట. "హెండ్రిక్స్‌ని తిట్టినంతసేపు నువ్వు నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావేమో అనిపించింది మామా, అందుకే నాకు కోపం రాలేదు, భయం వేసింది" అన్నాడు.

నాకు 28 ఏళ్లు. అతనికన్నా ఒక ఏడాది పెద్ద. అతను మింగినవి ఇంకొకరి నిద్రమాత్రలు. నేను మొదలుపెట్టినవీ ఇంకొకరి నిద్రమాత్రలే. అతనిది డ్రగ్స్, నాది మెడిసిన్ అని చెప్పుకోవడానికి ఇక నా దగ్గర మాట లేదు.

హనుమంతుడు ఎలా చూశాడు?

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మాత్ర వేసుకోలేదు. కూర్చుని సుందరకాండ తీశాను. ఒక ఘట్టం దగ్గర ఆగిపోయాను.

హనుమంతుణ్ణి బ్రహ్మాస్త్రంతో కట్టి రావణుడి సభలోకి తీసుకొచ్చారు. సీతమ్మని ఎత్తుకొచ్చినవాడు ఎదురుగా సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. హనుమ మనసులో మొదట కలిగింది ఏంటి? ఆశ్చర్యం. ఏమి రూపం, ఏమి ధైర్యం, ఏమి తేజస్సు అనుకున్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అనుకున్నాడు. ఇతనిలో ఈ అధర్మం ఇంత బలంగా లేకపోతే దేవలోకాన్ని కూడా కాపాడగలిగేవాడు కదా అని.

ఇక్కడ జాగ్రత్త. హెండ్రిక్స్‌ని రావణుడితో పోల్చడం లేదు నేను. హనుమ చూపు గురించి చెప్తున్నాను. శత్రువులో కూడా గొప్పతనాన్ని తక్కువ చేయలేదు. ఆ గొప్పతనాన్ని చూసి తప్పుని వదిలేయలేదు. రెండూ పూర్తిగా చూశాడు, ఒకే చూపులో. నేనూ మా రూమ్మేటూ చెరో కన్ను మూసుకుని చూశాం. వాడు తప్పు వైపు కన్ను మూశాడు, నేను విద్య వైపు కన్ను మూశాను.

యుద్ధకాండలో రావణుడు పడిపోయాక రాముడు ఏం చేశాడో కూడా మీకు తెలుసు. అన్నకి అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు వెనకాడాడు. రాముడు ఒప్పుకోలేదు. చావుతో వైరం ముగిసిపోతుంది, ఇతను నీకెంతో నాకూ అంతే, చేయవలసింది చెయ్యి అన్నాడు. పోయినవాడికి మనం ఇవ్వాల్సింది మర్యాద, నిజం. అతని తప్పు దాచడం మర్యాద కాదు. అతని విద్యని చెరిపేయడం నిజం కాదు.

దివ్యచక్షువు మింగితే రాదు

ఇప్పుడు మా రూమ్మేట్ మొదటి మాటకి, అంటే 'మైండ్ తెరుచుకుంటుంది' అన్నదానికి వద్దాం. మీలోనూ కొందరు ఇది అడుగుతుంటారు.

గీతలో విశ్వరూపం 11వ అధ్యాయంలో వస్తుంది. దానికి ముందు 10వ అధ్యాయం విభూతి యోగం. లోకంలో ఎక్కడ శోభ, శక్తి, తేజస్సు కనిపించినా అది తన తేజస్సులో ఒక అంశ అని స్వామి ఆ అధ్యాయం చివర్లో చెప్తాడు. ఆయన దేశం పేరు చెప్పలేదు, మతం పేరు చెప్పలేదు. సియాటిల్‌లో చీపురుకట్ట పట్టుకున్న పిల్లవాడి చేతివేళ్లలోకి వచ్చింది కూడా ఆ అంశే అని నేను నమ్ముతున్నాను. అలా నమ్మితే రెండు విషయాలు తేలిపోతాయి. ఆ విద్య మాత్ర ఇచ్చింది కాదు. ఆ విద్య ఉంది కదా అని మనిషికి ఏం చేసినా చెల్లదు, ఎందుకంటే అది అతని దగ్గర ఉంచిన సొమ్మే గానీ అతని సొంతం కాదు.

తర్వాత అర్జునుడు నీ రూపం చూపించు అని అడుగుతాడు. ఈ కళ్లతో చూడలేవు, నీకు దివ్యమైన చూపు ఇస్తున్నాను అంటాడు స్వామి. 'ఇస్తున్నాను' అన్న మాట గమనించండి. అర్జునుడు అది సంపాదించలేదు, లాక్కోలేదు. అడిగాడు, స్వామి ఇచ్చాడు. ఇచ్చిన చూపుతో చూసినా తట్టుకోలేకపోయాడు. వణికిపోయి, నాకు తెలిసిన ఆ సౌమ్యమైన రూపానికే రమ్మని వేడుకున్నాడు. పక్కన చెయ్యి పట్టుకోవడానికి కృష్ణుడు ఉన్న అర్జునుడి పరిస్థితే అది. సారథి లేకుండా, ఒక మాత్ర మింగి, ఆ తలుపు బద్దలు కొట్టుకుని వెళ్లినవాడి పరిస్థితి ఏంటి? వెనక్కి రమ్మని ఎవరిని వేడుకుంటాడు?

'శివుడు తాగలేదా అన్నా?' అని అడిగే తమ్ముళ్లు కూడా ఉన్నారు. పోతన గారి భాగవతం అష్టమ స్కంధంలో హాలాహల ఘట్టం ఒకసారి చదవండి. శివుడు విషం తీసుకున్నది లోకానికి అంటకూడదని. తాను మింగి గొంతులోనే ఆపుకున్నాడు, కిందికి దిగనివ్వలేదు. మనం తీసుకునేది మన గొంతులో ఆగదు. అమ్మ దాకా వెళ్తుంది.

వాద్యం

1967 జూన్ 18. కాలిఫోర్నియాలో మాంటెరే పాప్ ఫెస్టివల్ చివరి రోజు. మధ్యాహ్నం పండిట్ రవిశంకర్ గంటల తరబడి సితార్ వాయించారు. అదే రోజు రాత్రి, అదే వేదిక మీద హెండ్రిక్స్ వాయించాడు. చివర్లో గిటార్‌ని పడుకోబెట్టి, నిప్పంటించాడు. అమెరికా అంతా అతని పేరు మారుమోగిపోయింది. రవిశంకర్ గారికి మాత్రం అది చాలా బాధ కలిగించింది. మన దగ్గర వాద్యమంటే దేవుడిలో భాగం అని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ తరంలో అంతమంది ఆయన్ని ఆరాధిస్తున్నా, కచేరీలో మత్తు వద్దని మొహమాటం లేకుండా చెప్పేవారు ఆయన. నా సంగీతం వినడానికి అది అక్కర్లేదు, సంగీతమే ఆ పని చేస్తుంది అన్నది ఆయన పట్టుదల.

దసరాకి మన ఇళ్లలో వీణ, పుస్తకం, సుత్తి, స్క్రూడ్రైవర్, బండి, ఇప్పుడు లాప్‌టాప్ కూడా అమ్మవారి ముందు పెట్టి బొట్టు పెడతాం. నేనూ పెడతాను. కానీ ఆ లాప్‌టాప్‌ని నడిపే వాద్యం ఒకటుంది, దానికి ఎప్పుడైనా బొట్టు పెట్టామా? ఈ ఒళ్లు, ఈ నరాలు, ఈ నిద్ర. హెండ్రిక్స్ ఆ రాత్రి గిటార్ కాల్చాడు, ఇంకో గిటార్ తెచ్చుకున్నాడు. మూడేళ్ల తర్వాత పోయిన వాద్యానికి ఇంకోటి దొరకలేదు. ఆ ఒక్క వాద్యంతో పాటు, ఇంకా వాయించాల్సినదంతా పోయింది. చనిపోవడానికి మూడు వారాల ముందే న్యూయార్క్‌లో సొంత స్టూడియో తెరిచాడు. అందులో కూర్చుని చేయాల్సిన పని ఎంత మిగిలిపోయిందో!

గీత 6వ అధ్యాయం తెరిస్తే నాకు సిగ్గేసింది. ధ్యానం గురించి చెప్తూ స్వామి నేరుగా నిద్ర గురించి మాట్లాడతాడు. అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా పడుకునేవాడికీ అసలు పడుకోనివాడికీ యోగం కుదరదంటాడు. ఎన్నిసార్లు ఆ శ్లోకాలు వీడియోలో చదివానో! రాత్రి మూడింటికి రికార్డ్ చేసి చదివాను.

ఇప్పుడు ఏం చేస్తున్నాను

గొడవ జరిగిన సోమవారమే మావాడు పక్కన కూర్చుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఒక్కసారిగా ఆపేయాలనుకుంటున్నాను అన్నాను, హీరోలా. వద్దన్నారు. చాలారోజులుగా వాడుతున్న నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు, మెల్లమెల్లగా తగ్గించాలి అన్నారు. ఇప్పుడు ఆయన రాసిచ్చిన లెక్క ప్రకారం తగ్గిస్తున్నాను. స్ట్రిప్ మావాడి దగ్గర ఉంటుంది. మేనేజర్‌తో మాట్లాడి వారంలో రెండు రాత్రి కాల్స్ మార్పించుకున్నాను. అమ్మకి చెప్పాను. అమ్మ తిట్టలేదు. "ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు నాన్నా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకి ఏడ్చాను.

పూర్తిగా బయటపడ్డానని చెప్పను. కొన్ని రాత్రులు రెండింటి దాకా సీలింగ్ చూస్తూ పడుకుంటాను. నామం చెప్పుకుంటాను. నామం చెప్పుకుంటే వెంటనే నిద్ర పడుతుందని కూడా చెప్పను. ఒంటరిగా లేనని మాత్రం తెలుస్తుంది.

మీలో ఎవరైనా నాలాగే ఉంటే నాలుగు మాటలు. ఇంకొకరికి రాసిన మందు మీరు వేసుకోకండి, మీది ఇంకొకరికి ఇవ్వకండి. నిద్రమాత్రల మీద మందు తాగకండి, రెండూ కలిసి ఊపిరినే ఆపేస్తాయి. స్నేహితుడు మత్తులో స్పృహ లేకుండా పడి ఉంటే 'పొద్దున్నే దిగిపోతుందిలే' అని వదిలేయకండి. ఊపిరి తీసుకుంటున్నాడో లేదో చూసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. హెండ్రిక్స్‌ విషయం చదివితే ఇది ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది. మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తే టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు అలవాటు నుంచి బయటపడటానికి 14446. దేవుడి మీద నమ్మకం ఉన్నవాడు డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదని ఏ పురాణంలోనూ లేదు. రామాయణంలో మూర్ఛపోయిన లక్ష్మణుడికి కూడా సుషేణుడు చెప్పిన మూలికే కావాల్సి వచ్చింది, దాన్ని తేవడానికి హనుమంతుడే వెళ్లాడు.

నిన్న సాయంత్రం మావాడు గిటార్ వాయిస్తుంటే మొదటిసారి హెండ్రిక్స్ పాట మొత్తం కూర్చుని విన్నాను. బాగుంది అండి. నిజంగా బాగుంది. విన్నంతసేపు ఒక్కటే అనిపించింది, ఇతన్ని ఆ రాత్రి ఎవరైనా భుజాలు పట్టుకుని ఊపి లేపి ఉంటే బాగుండేది. నన్ను లేపడానికి ఒకడున్నాడు.

మావాడి గోడ మీద పోస్టర్ అలాగే ఉంది. తీసేయమని నేను అడగలేదు. నా టేబుల్ మీద విశ్వరూపం బొమ్మ కూడా అలాగే ఉంది.

ఈ ఆదివారం వీడియోలో 11వ అధ్యాయం రెండో భాగం, అర్జునుడు భయపడే ఘట్టం నుంచి చూద్దాం. ఈసారి పగలే రికార్డ్ చేస్తున్నాను.

శ్రీకృష్ణార్పణమస్తు.